రెండో కప్పులో ఆవిరి

టీవీలో మీరు చూసే టీ ఎప్పుడూ చల్లటిదే. ఈ ముక్క చెబితే కొందరికి మనసు విరిగిపోతుందని తెలుసు, అయినా చెబుతున్నాను. ఒకే సన్నివేశాన్ని పొద్దుటి నుంచి సాయంత్రందాకా ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఒక ముక్కలో కప్పు మీద ఆవిరి ఉండి పక్క ముక్కలో లేకపోతే, ఇంట్లో సోఫాలో కూర్చున్న మహానుభావులు వెంటనే ఉత్తరం రాస్తారు. అలాంటి ఉత్తరాలు రాకుండా చూడటమే నా ఉద్యోగం. కంటిన్యూటీ అంటారు. ఎవరు ఏ చేత్తో కప్పు ఎత్తారు, ఏ మాట దగ్గర ఎత్తారు, గుక్క తాగాక ఎంత మిగిలింది, గిన్నెలో చక్కెర బిళ్ళలు ఎన్ని, అన్నీ కాగితం మీద రాసుకుంటూ కెమెరా పక్కన మడత కుర్చీలో కూర్చుంటాను. నా పేరు డోరిన్. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. నా అంత చాదస్తపు మనిషి యార్క్‌షైర్ మొత్తంలో లేదంటారు మావాళ్ళు. ఉంటే చూపించమనండి.

తొమ్మిదేళ్ళు ‘రెండో కప్పు’ అనే సీరియల్‌కి పనిచేశాను. మా స్కార్‌విక్ ఊళ్ళో, సముద్రంలోకి కట్టిన పాత చెక్క వంతెన చివర, ఒక టీ కొట్టులో తీసేవాళ్ళం. కథలో ఆ కొట్టు నడిపేది మిసెస్ క్రాబ్‌ట్రీ. ఎవరైనా ఒంటరిగా వచ్చి రెండు కప్పులు అడిగితే, వాళ్ళు పోగొట్టుకున్న మనిషి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంటాడు. రెండో కప్పులో టీ వేడిగా ఉన్నంతసేపే ఉంటాడు. చల్లారిందా, కుర్చీ ఖాళీ. "ఒక్క కప్పే నాయనా. మళ్ళీ పొయ్యను. రూలంటే రూలే" అంటుంది మిసెస్ క్రాబ్‌ట్రీ ఎవరెంత బతిమాలినా. జనం నవ్వేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు. చచ్చిపోయినవాళ్ళు వచ్చి టీ తాగడం గురించి తొమ్మిదేళ్ళలో ఒక్కడూ అభ్యంతరం చెప్పలేదు. కప్పులో పాలు ముందు పొయ్యాలా, టీ ముందు పొయ్యాలా అన్నదాని మీద మాత్రం రెండు బస్తాల ఉత్తరాలు వచ్చాయి. మావాళ్ళంతే.

మిసెస్ క్రాబ్‌ట్రీ వేషం బెరిల్ హోల్‌రాయిడ్‌ది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు మా ఊరి నాటకశాలలో చేరితే, అప్పటికే ఆవిడ అక్కడ మహారాణి. ఆవిడ భర్త లెన్ ప్రాంప్టరు, నటులు మాట మరిచిపోతే చాటునుంచి అందించేవాడు. స్టేజీకి ఎడంవైపు తెర చాటున చిన్న స్టూలు మీద, చేతిలో టార్చిలైటుతో కూర్చునేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. "తొందరపడకు పిల్లా" అనేవాడు. "నటి ఆగిందంటే మరిచిపోయిందని కాదు. ఆవిడ కళ్ళు నీవైపు తిరిగాకే అందించు. ముందే అందించావో, ఆవిడ నోట్లో మాటని నువ్వు చంపేసినట్టే." టీలో మూడు చక్కెర బిళ్ళలు వేసుకునేవాడు. డాక్టరు వద్దన్నాక రెండు అని పైకి చెప్పి, మూడోది బెరిల్ చూడకుండా జారవిడిచేవాడు. ఆవిడ చూసేది. లెన్ పోయి పన్నెండేళ్ళయింది.

బెరిల్‌కి మాటలు జారిపోవడం సీరియల్ ఏడో ఏట మొదలైంది. ముందు పేర్లు పోయాయి. తర్వాత వాక్యాలకు వాక్యాలే పోసాగాయి. నేను ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చెప్పాల్సిన మాటలు చిన్న చిన్న చీటీల మీద రాసి చక్కెర గిన్నె మూత లోపల, కేకు పళ్ళెం వెనక, మెనూ బోర్డు అంచున అంటించేదాన్ని. ఒకసారి సెట్టు మీద సామాన్లు చూసే క్లిఫర్డ్ గిన్నెలు తారుమారు చేశాడు. బెరిల్ మూత తీసి, పాపం, తమ్ముడు పోయాడని కుమిలిపోతున్న కుర్రాడితో "మీ పెళ్ళికి నేను టోపీ పెట్టుకునే వస్తాను" అంది. వాడు లండన్‌లో చదువుకున్న మర్యాదస్తుడు. పెద్దావిడ పొరపాటు ఎత్తి చూపడం బాగోదని "మీ దయండీ" అన్నాడు కన్నీళ్ళతో. ఎవరూ కట్ చెప్పలేదు. ఆ భాగానికి బహుమతి కూడా వచ్చింది.

ఇక ఆఖరి భాగం వచ్చిపడింది. అందులో మిసెస్ క్రాబ్‌ట్రీ కొట్టు మూసేసి, మొదటిసారి తనకోసం రెండు కప్పులు పోసుకుంటుంది. సముద్రంలో పోయిన మొగుడు హెరాల్డ్ వస్తాడు. మనకి కనిపించడు, ఖాళీ కుర్చీయే కనిపిస్తుంది. ఆవిడ వాడిని కరువుతీరా చూసి ఆఖరికి ఒకే ఒక్క మాట అంటుంది: "నీ టీ చల్లారిపోతోంది హెరాల్డ్." అంతే, అయిపోయింది. తొమ్మిదేళ్ళ సీరియల్‌కి అదే ముగింపు. దయచేసి ఆ మాటని పైకి చదవకండి, మనసులోనే చదువుకోండి. ఎందుకో చెబుతాను.

మా పాత నాటకాలవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. నాటకంలో ఆఖరి మాటని రిహార్సల్లో పలకరు. తొలి ఆట రోజున జనం ముందే పలకాలి. ముందే పలికేస్తే నాటకం అక్కడే పూర్తయిపోయినట్టు, ఇక ఆడటానికేమీ మిగలదు. అందుకని ఆ చోటుకి రాగానే "తారారా తారారా" అని ఊరుకుంటారు. బెరిల్ అరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పట్టింపు తప్పలేదు. అందరం బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు చదువుకున్న రోజు "తారారా తారారా" అని కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేసింది. అంతటితో ఆగక ఆ చివరి పేజీ చించి నా చేతిలో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు డోరిన్. దీనికి మాత్రం చీటీ గీటీ అంటించావంటే నీ చెయ్యి విరగ్గొడతా."

"గుర్తుండకపోతే ఏం చేస్తావే తల్లీ?"

"ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చుని నేనే ముగించాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. భయపడుతోందని తెలిసిపోయింది.

షూటింగు అక్టోబరులో ఒక రోజు. మర్నాటి నుంచి వంతెన చివరి పలకలు ఊడదీసి మరమ్మతు చేస్తారు కాబట్టి మాకున్నది ఆ ఒక్క రోజే. డైరెక్టర్ జాస్పర్ ముప్పై ఏళ్ళవాడు, మెడకి రెండు చుట్లు తిప్పిన మఫ్లరు. చెడ్డవాడేం కాదు. కానీ పొద్దున్నే నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"డోరిన్, మూడు టేకులు చూస్తాను. ఆవిడ వల్ల కాకపోతే ఫెలిసిటీని కూర్చోబెడతాను. మేనకోడలు వచ్చి మేనత్త బదులు ఆ మాట అన్నట్టు రాయించి పెట్టాను. ఏం చెయ్యను, మీరే చెప్పండి."

"ఆవిడకి చెప్పారా?"

"అంటే... మీరు చెబితే బాగుంటుందేమోనని..."

"ఆహా! అంత మంచి పని మీరే చేసుకోండి బాబూ" అని విసురుగా వచ్చేశాను. ఒళ్ళు మండిపోయింది. చెప్పే అవసరం రాలేదనుకోండి. మేనకోడలి వేషం వేసే ఫెలిసిటీ అప్పటికే మిసెస్ క్రాబ్‌ట్రీ శాలువాలాంటిదే కప్పుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది, తప్పు చేసినదానిలా తల దించుకుని. బెరిల్ ఆ శాలువాని ఒక్కసారి చూసింది.

రెండు గంటలకి సముద్రం మీంచి పొగమంచు లోపలికి వచ్చింది. మా తీరంలో ఆ మంచు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ముందు దీపస్తంభం పోయింది, తర్వాత పడవలు, తర్వాత ఊరు మొత్తం. మేం నడిచొచ్చిన వంతెన కూడా ఇరవై అడుగుల అవతల తెగిపోయినట్టు ఆగిపోయింది. కొట్టులో పసుపు దీపం, రెండు కప్పులు, రెండు కుర్చీలు, కింద పలకల సందుల్లోంచి నీళ్ళ చప్పుడు. ఇంతే మిగిలింది ప్రపంచంలో. అందరం గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాం, ఎవరూ చెప్పకుండానే. నా గడియారం రెండూ పదికి ఆగిపోయింది. కీ ఇవ్వడం మరిచి ఉంటాను. నేనెప్పుడూ మరవను.

మొదటి టేకులో మంచులోంచి ఒక సీగల్ పక్షి నడుచుకుంటూ వచ్చింది. కస్టమర్‌లాగా గుమ్మందాటి, బల్లెక్కి, అల్లం కేకు ముక్క నోట కరుచుకుని వెళ్ళిపోయింది. దాన్ని ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

"టిప్పు కూడా ఇవ్వలేదు వెధవ" అంది బెరిల్. అందరం నవ్వాం. జాస్పర్ కూడా నవ్వాడు.

రెండో టేకులో ఎవరూ నవ్వలేదు. బెరిల్ తలుపు బోర్డుని ‘మూసి ఉంది’ వైపు తిప్పింది, కూర్చుంది, తన కప్పులో పోసుకుంది. రెండో కప్పు దగ్గర ఆగింది. దాన్ని చూస్తూ ఉండిపోయింది, అదేమిటో తెలియనట్టు. "ఇది... దీన్ని..." అంది. చల్లటి టీ పళ్ళెంలోకి ఒలికింది.

"కట్" అన్నాడు జాస్పర్ మెల్లిగా. అతని చూపు ఫెలిసిటీవైపు వెళ్ళడం నేను చూశాను. బెరిల్ కూడా చూసింది.

నేను వెళ్ళి పళ్ళెం తుడిచాను. ఆవిడ వేళ్ళు చలికి నీలంగా అయిపోయాయి.

"డోరిన్," అంది గుసగుసగా, "నేను ఇప్పుడు ఎక్కడున్నాను?"

"కొట్టులో ఉన్నావు బెరిల్. నీ కొట్టులోనే."

"ఆహా. మంచిదే అయితే."

చెబితే నమ్మరు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా కాగితం మీద గీతలు అలుక్కుపోయాయి. ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి?

క్లిఫర్డ్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. అరవై దాటిన బండమనిషి, ఒకప్పుడు చేపల పడవ మీద పనిచేశాడు. తొమ్మిదేళ్ళుగా ఉప్పుగాలిలో నిలబడి ఈవిడకి చల్లటి టీ అందించింది అతనే. ఆ పూట ఏమనుకున్నాడో, టీపాట్ తీసుకుని వెనక గదిలోకి పోయాడు. తిరిగొచ్చేటప్పుడు దానికి, వేడి పోకుండా తొడిగే ఊలు టోపీ ఉంది. నాకు అనుమానం రావలసింది. రాలేదు. తర్వాత అడిగితే చెవులు ఎర్రగా చేసుకుని ఇలా అన్నాడు: "చలిలో ముసలావిడకి చల్లటి టీ ఎలా ఇస్తానండీ? తొమ్మిదేళ్ళు ఇచ్చాను. ఇక నావల్ల కాలేదు."

మూడో టేకు.

బెరిల్ బోర్డు తిప్పింది. కూర్చుంది. ఊలు టోపీ తీసి పోసింది. కప్పు మీద ఆవిరి లేచింది.

పొద్దుట తీసిన ఏ ముక్కలోనూ ఆవిరి లేదు. "ఆపండి" అని నేను అరవాలి, నా జీతం అందుకే. నోరు తెరిచాను. బెరిల్ రెండు చేతులూ కప్పు చుట్టూ వేసి, ఆ వేడికి కళ్ళు మూసుకుంది. నేను నోరు మూసుకున్నాను.

తర్వాత రెండో కప్పు పోసింది. చుక్క ఒలకలేదు.

"ఊరందరికీ పోశాను," అంది. స్క్రిప్టులో ఉన్న మాటలే, ఒక్కటీ పొల్లుపోలేదు. "నలభై ఏళ్ళు. నాకోసం పోసుకోవడం ఇదే మొదలు."

రెండో కప్పు మీద ఆవిరి తిన్నగా పైకి పోతోంది. గాలి లేదు, ఆకు కదలనంత నిశ్శబ్దం. ఉన్నట్టుండి ఆ ఆవిరి బెరిల్‌వైపు వంగింది, ఎదురుగా ఎవరో మెల్లగా ఊదుకున్నట్టు. బెరిల్ తలెత్తింది. ఆవిడ ముఖం ఎలా మారిందో చెప్పడం నావల్ల కాదు. నేను పందొమ్మిదేళ్ళ వయసులో, ఆట అయిపోయాక, తెర చాటున చూసిన ముఖం అది.

చక్కెర గిన్నె మూత తీసింది. మూత లోపల చీటీ లేదు, దాని అవసరమూ లేదు. ఒక బిళ్ళ వేసింది. రెండోది వేసింది. ఖాళీ కుర్చీవైపు ఓరగా చూసింది.

"మూడోది నేను చూడనే లేదనుకున్నావా ఇన్నాళ్ళూ?" అంది. మూడోదీ వేసింది.

ఇది స్క్రిప్టులో లేదు. హెరాల్డ్‌కి చక్కెర అలవాటు లేదని సీరియల్ నాలుగో ఏట చెప్పాం. జాస్పర్ నావైపు చూశాడు. నేను చూడనట్టు కూర్చున్నాను.

ఇక మిగిలింది ఆఖరి మాట ఒక్కటే. బెరిల్ ఆగింది. కింద అల ఒకటి వచ్చి వెళ్ళింది, ఇంకొకటి వచ్చి వెళ్ళింది. చించిన పేజీ నా ఒళ్ళో ఉంది. ఆ మాట నా నాలిక మీద ఉంది. అందించెయ్యనా? అందిస్తే ఆవిడ పలుకుతుంది, ముగిస్తుంది, ఆ కుర్చీ ఆవిడదే అవుతుంది. ఫెలిసిటీ శాలువా విప్పేస్తుంది. తొందరపడకు పిల్లా, అని ఎవరో అన్నట్టే అనిపించింది నా ఎడమ చెవి దగ్గర. కళ్ళు నీవైపు తిరిగాకే అందించు.

బెరిల్ కళ్ళు నావైపు తిరగలేదు. ఎదురు కుర్చీమీదే ఉన్నాయి.

కాసేపటికి ఆవిడ టీపాట్ అందుకుంది. తొమ్మిదేళ్ళలో ఏ ఒక్కరికీ చెయ్యని పని చేసింది. ముందుకి వంగి, రెండో కప్పులో మళ్ళీ వేడి వేడిగా పోసింది.

"ఇంకాస్త పోస్తానుండు," అంది. "ఎక్కడికి పోవాలిప్పుడు నువ్వు?"

అంతే. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, సాయంత్రమంతా తనదే అన్నట్టు.

జాస్పర్ చాలాసేపు కట్ అనలేదు. అన్నాక కూడా ఎవరూ కదలలేదు. మఫ్లరు చివరతో ముక్కు తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఆ మాట అనలేదు" అన్నాడు. "కానీ... దేవుడా! ఇదే ముగింపు. ఇంకొకటి తియ్యను. ఒక్క సంగతి చెప్పండి, ఆ ఆవిరి. పొద్దుటివాటితో కలుస్తుందా?"

"కలుస్తుంది" అన్నాను.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. దానికి బస్తాల కొద్దీ ఉత్తరాలు వస్తాయని తెలుసు. రానీ.

ఫెలిసిటీ వచ్చి తన శాలువా తీసి బెరిల్ భుజాల మీద కప్పింది. నేను పక్కన గొంతుక్కూర్చున్నాను.

"మరిచిపోయావా బెరిల్? ఆఖరి మాట?"

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మరవడమేమిటే? పొద్దుటి నుంచీ నాలిక చివరే ఉంది."

"మరి అనలేదేం?"

"అంటే లేచి వెళ్ళిపోడూ?" అంది.

"ఎవరు, హెరాల్డా?"

"హెరాల్డ్ ఎవడు?" అంది బెరిల్.

అందరూ లైట్లు సర్దుకుంటుంటే నేను నా పని నేను చేసుకున్నాను. టేకు అయ్యాక ఏ కప్పులో ఎంత ఉందో చూసి రాయాలి కదా. బెరిల్ కప్పులో సగం ఉంది. గిన్నెలో తొమ్మిది చక్కెర బిళ్ళలకి ఆరు ఉన్నాయి. రెండో కప్పు అడుగుదాకా ఖాళీ. నాలుగు టీ ఆకులు అడుగున అంటుకుని ఉన్నాయి. కప్పు ఇంకా వెచ్చగా ఉంది.

క్లిఫర్డ్ నా భుజం మీదుగా తొంగిచూశాడు. "బల్ల దగ్గరికి ఎవరూ రాలేదండీ. నేను చూస్తూనే ఉన్నాను."

"నేనూ చూస్తూనే ఉన్నాను. గమ్మునుండు" అన్నాను.

నా కాగితంలో ‘ఎవరు తాగారు’ అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకూడదు. లెన్ అని రాశాను.

ఇది జరిగి ఏడాదిన్నర. బెరిల్ ఇప్పుడు కొండ మీద వృద్ధాశ్రమంలో ఉంటోంది, కిటికీలోంచి సముద్రం కనిపించే గదిలో. నా పేరు తెలియదు. కొన్నిసార్లు నేను నర్సుని, కొన్నిసార్లు పాత హీరోయిన్‌ని, అది ఆవిడకి గిట్టని మనిషి, ఆ రోజుల్లో తిట్లు కూడా పడతాయి. గురువారం మధ్యాహ్నం వెళతాను. అల్లం కేకు పట్టుకెళతాను. ఇద్దరికీ టీ పోస్తాను. నేను వాగుతుంటే ఆవిడ కిటికీ బయటికి చూస్తూ కూర్చుంటుంది, కప్పు ముట్టుకోకుండా, ఒక్కోసారి ఊపిరి తీస్తోందో లేదో కూడా తెలియనంత నిశ్చలంగా. కప్పు మీద ఆవిరి సన్నబడుతుంది. అప్పుడు వస్తుంది ఆ మాట నా నోటికి. ఎవరైనా అనే మాటే, ఈ దేశంలో ప్రతి ఇంట్లో రోజుకి పదిసార్లు అనే మాటే. ఆవిడ అనలేదు. నేనూ అనను.

దాన్ని మింగేసి, టీపాట్ అందుకుని, "ఇంకాస్త పోస్తానుండు బెరిల్" అంటాను.